కోడిగుడ్డు సొన రొయ్యను కాపాడుతుందా?

వ్యాఖ్యాత: నర్సంపేట దగ్గరి నుంచి ఒక రైతు లైనులో ఉన్నారు. చెప్పండి.

రైతు: నమస్కారం సార్. నాకు లేయర్ కోళ్ల ఫారం ఉంది. మా బావమరిది భీమవరం దగ్గర వనామి రొయ్యలు పెంచుతున్నాడు. పోయిన పంటలో పిల్ల వేసిన నెల తిరగకముందే రొయ్యలు చనిపోయాయి, విబ్రియో అనే బ్యాక్టీరియా వల్ల అన్నారట. గుడ్డు సొనలోని యాంటీబాడీలు, అంటే రోగక్రిములకు అతుక్కొని అడ్డుకునే ప్రోటీన్లు, మేతలో కలిపితే రోగం ఆగుతుందని విని, మీ గుడ్లు పంపండి బావా అంటున్నాడు.

శాస్త్రవేత్త: మామూలు గుడ్లు పంపి ప్రయోజనం లేదండి. ఆయన విన్న మాటలో నిజం ఉంది, కానీ సగమే. రొయ్య శరీరం యాంటీబాడీలను తయారు చేసుకోలేదు కాబట్టి వాటిని బయటి నుంచి అందించాలన్నది ఇక్కడి ఆలోచన. చంపిన విబ్రియో బ్యాక్టీరియాను గానీ దాని విషపు ప్రోటీన్‌ను గానీ కోడికి టీకాగా ఇచ్చి, కొన్ని వారాల తర్వాత బూస్టర్ వేస్తే, దాని రక్తంలో పుట్టిన యాంటీబాడీలు పచ్చసొనలోకి చేరతాయి. వీటినే ఐజీవై అంటారు. మీ కోళ్లకు వేసే టీకాలు కోళ్ల రోగాలకు సంబంధించినవి. వాటి గుడ్లలో ఉన్న యాంటీబాడీలు విబ్రియోను గుర్తించవు.

రైతు: అయితే సొనను మేత మీద పోసినా వృథాయేనా?

శాస్త్రవేత్త: వృథాయే కాదు, నష్టం కూడా. నీటిలో కరిగిన సొన కుళ్లి, చివరికి ఆ విబ్రియోకే విందు అవుతుంది. సరైన ఐజీవై పొడి దొరికినా, మేత గుళికలు తయారయ్యే వేడికి అది దెబ్బతింటుంది కనుక చల్లారిన గుళికలకు నూనె వంటి బైండర్‌తో, అంటే అతికించే పదార్థంతో, పట్టించాలి. పేగులో బ్యాక్టీరియాకు అతుక్కొని దాన్ని అడ్డుకోవడమే దాని పని. మేతలో ఆపేస్తే ఆ రక్షణ కొద్ది రోజుల్లోనే పోతుంది.

రైతు: మరి మా కోళ్లకే ఆ టీకా వేయిస్తే?

శాస్త్రవేత్త: ఫారంలో సొంతంగా ప్రయత్నించకండి. టీకా తయారీ, గుడ్లలో యాంటీబాడీ మోతాదు కొలవడం ప్రయోగశాలలో జరగాల్సిన పనులు. మీ బావమరిదిని ముందు రొయ్యలకు పీసీఆర్ పరీక్ష, అంటే రోగక్రిమి జన్యువులను పట్టే పరీక్ష, చేయించమనండి. పిల్ల వేసిన తొలి వారాల్లోనే రొయ్యలను చంపే, ఈఎంఎస్ అని పిలిచే రోగంలో విబ్రియో పారాహీమోలైటికస్ విడుదల చేసే పిర్‌ఏ, పిర్‌బీ విషాలే రొయ్యలో కాలేయం లాంటి అవయవాన్ని కుదించేస్తాయి. ఆ విషాలను తయారుచేసే జన్యువులు పరీక్షలో తెలుస్తాయి. ఒకవేళ తెల్లమచ్చల వైరస్ అని తేలితే విబ్రియో యాంటీబాడీలు ఎంత పోసినా పనికిరావు. క్లోరాంఫెనికాల్ వంటి నిషేధిత యాంటీబయోటిక్ జోలికి మాత్రం వెళ్లొద్దనండి, అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు తిరిగి వస్తుంది.