28 సెకన్లలో ఓడిపోయింది, అయితే ఏటి?

నిన్న మురీ మిక్చర్ బండి దగ్గర జూడో మాటొచ్చింది. వెంటనే మావాడొకడు, "పారిస్ ఒలింపిక్స్‌లో మనమ్మాయి తూలికా మాన్ అరనిమిషంలో ఓడిపోయింది కదా, దానికి అంత దూరం పంపడం దేనికి గురూ" అన్నాడు. నాకు మిక్చర్ దిగలేదు. పొద్దున్నే మన వైజాగ్ బీచ్ రోడ్డుకి వచ్చేశా, పొద్దున కాసేపు ఇక్కడ బండ్లు ఆపుతారు, మళ్ళీ వదిలేలోపు రికార్డ్ చేసేయాలి.

ముందు ఒక్క మాట. జూడోలో తన్నడం లేదు, గుద్దడం లేదు, ఇటుకలు పగలగొట్టడం అసలే లేదు, అది వేరే దుకాణం. ఇక్కడ పని ఎదుటివాళ్ళని పడేయడం, లేదా కింద అదిమిపట్టడం, చెయ్యి మెలేసో గొంతు బిగించో ఓటమి ఒప్పించడం.

పడేయడం ఎలాగంటే, ఆర్కే బీచ్‌లో మడమల దాకా నీళ్ళలో నిలబడండి. అల వచ్చి కొట్టినప్పుడు పడం, కాళ్ళు బిగబట్టి కాచుకుంటాం. అది వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంది చూడండి, అప్పుడు తూలుతాం. ఆ తూలించడాన్నే జపనీస్‌లో కుజుషి అంటారు. 1882లో జిగోరో కానో జూడో మొదలుపెట్టినప్పటి నుంచి అసలు కిటుకు ఇదే. నువ్వు తోస్తే నేను లాగుతా, నువ్వు లాగితే నేను తోస్తా. ఇసుక జారిన ఆ క్షణంలో బలంగా, వేగంగా, పట్టు వదలకుండా వెల్లకిలా పడేస్తే ఇప్పన్, అంతే, మ్యాచ్ అయిపోయింది. గడియారంలో నాలుగు నిమిషాలున్నా సరే.

ఇప్పుడు 28 సెకన్ల సంగతి. తూలికా మాన్, 78 కిలోలు దాటిన విభాగం, 2022 కామన్వెల్త్ రజతం. 2024 పారిస్‌లో మొదటి మ్యాచే ఎవరితో? క్యూబాకి చెందిన ఇడాలిస్ ఓర్టిజ్‌తో. అప్పటికే నాలుగు ఒలింపిక్ పతకాలు, అందులో 2012 స్వర్ణం! అల కాదు, అది తుఫాను. పోనీ, జపాన్ ఉతా అబే టోక్యో ఒలింపిక్ ఛాంపియన్ కదా, ఆమె కూడా అదే పారిస్‌లో రెండో మ్యాచ్‌లో ఇప్పన్‌తో ఓడిపోయి మ్యాట్ పక్కనే వెక్కి వెక్కి ఏడ్చింది. మరి ఆమెని ఎందుకు పంపారని అక్కడెవరైనా అడిగారా?

అసలు ఆ మ్యాట్ దాకా వెళ్ళడమే ఒక పెద్ద కథ. ఒలింపిక్స్‌కి ర్యాంకింగ్ పాయింట్లు కావాలి. గ్రాండ్ స్లామ్ అనే పెద్ద టోర్నీ గెలిస్తే 1000, కాంటినెంటల్ ఓపెన్ అనే చిన్న టోర్నీ గెలిస్తే 100. ఏడాది దాటితే ఆ పాయింట్లు సగమవుతాయి, రెండేళ్ళు దాటితే సున్నా. మళ్ళీ అదే ఇసుక! మీరు కదలకుండా నిలబడినా కాళ్ళ కింద నుంచి జారిపోతూనే ఉంటుంది, అందుకని ఎప్పుడూ ఏదో ఒక దేశం వీసా కోసం, టికెట్ కోసం పరుగే. దానికి తోడు బరువు. ముందురోజు తూకంలో సరిపోతే చాలదు, మర్నాడు పొద్దున కొందరిని మళ్ళీ పిలిచి తూస్తారు, 5 శాతం మించితే ఇంటికే. రాత్రి పెళ్ళి భోజనం చేసి పొద్దున బట్టలు బిగుతయ్యాయనుకునే మనకి ఈ టెన్షన్ ఏం తెలుస్తుంది.

అయ్యో, బండ్లు వదిలేశారు, హారన్లు మొదలు. గబగబా చెప్పేస్తా. ఆడవాళ్ళ జూడో ఒలింపిక్స్‌లోకి పూర్తిస్థాయిలో వచ్చింది 1992లోనే, మగవాళ్ళది 1964లో. మణిపూర్ సుశీలా దేవి 48 కిలోల్లో రెండు కామన్వెల్త్ రజతాలు, 2014, 2022, మధ్యలో టోక్యో ఒలింపిక్స్‌కి కూడా వెళ్ళింది. అదే మణిపూర్ నుంచి లింథోయ్ చనంబం, 2022లో సరయేవోలో క్యాడెట్, అంటే 18 ఏళ్ళలోపు పిల్లల, ప్రపంచ స్వర్ణం, ఏ వయసు విభాగంలోనైనా జూడో ప్రపంచ పోటీల్లో మనకి అదే మొదటి పతకం. ఆ పేరు ఎంతమంది విన్నారో కామెంట్లో నిజం చెప్పండి. జూడోలో ఒక్కో విభాగంలో రెండు కాంస్యాలు ఎందుకిస్తారో ఇంకో వీడియోలో.

ఆ ఇసుక ప్రయోగం చేస్తే మడమల దాకానే, లోపలికి పోకండి, ఇక్కడి అలలు మంచివి కావు. మిక్చర్ గురూ, నీకు లింక్ పంపుతున్నా.