ముల్లు ఎప్పుడు పైకెక్కుతోంది?

శ్రోతలకు నమస్కారం.

రెండేళ్ల కిందట రోహిణి కార్తెలో, నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్తూ ఉలవపాడులో మామిడిపళ్ల దుకాణాల ముందు మా కారు ఆగిపోయింది. మా నాన్న కొన్న పాత మారుతి 800. వెనక సీట్లో అమ్మ, బయట వడగాలి, బానెట్ సందుల్లోంచి సుయ్యిమని ఆవిరి. ఆ వేసవిలో అది నాలుగోసారి.

అప్పటికే ముగ్గురు మెకానిక్‌లు చూశారు. ఒకరు థర్మోస్టాట్ వాల్వ్ పీకేశారు; ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపేది అదే. ఒకరు రేడియేటర్ మార్చారు. ఇంకొకరు కొత్త వాటర్ పంపు వేశారు. మార్చిన ప్రతిసారీ నెల్లూరు ఊళ్లో తిప్పి చూస్తే ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి కదిలేది కాదు. కోవూరు దాటి హైవే మీద అరగంట పోతే మళ్లీ అదే టెన్షన్.

చివరికి కావలిలో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్పానర్ పట్టుకోకముందే అడిగాడు: "అబ్బయా, బండి ఎప్పుడు కాగతా ఉండాది? నిలబడినప్పుడా, పరిగెత్తేటప్పుడా?"

అంతకుముందు ఈ మాట ఎవరూ అడగలేదు. నాకూ చెప్పాలని తోచలేదు. ఈ రోజు నేను మీతో మాట్లాడాలనుకున్నది ఈ ఒక్క ప్రశ్న గురించే.

ఇంజన్ వేడిని నీళ్లు మోసుకొచ్చి రేడియేటర్‌లో దింపుతాయి. అక్కడ గాలి తగిలి చల్లబడి తిరిగి ఇంజన్‌లోకి పోతాయి. కారు ట్రాఫిక్‌లో నిలబడితే ఆ గాలిని ఫ్యానే లాగాలి. కాబట్టి సిగ్నళ్ల దగ్గర వేడెక్కి, కాస్త వేగం అందుకోగానే ముల్లు దిగిపోతుంటే ముందు ఫ్యాన్‌ని, దాని స్విచ్‌ని, ఫ్యూజుని అనుమానించాలి. హైవే మీద గాలికి కొదవ లేదు. అక్కడ కాగుతోందంటే నీళ్లు సరిపడా తిరగడం లేదనే ముందు అనుకోవాలి. పొద్దున స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ముల్లు ఎగబాకితే నీళ్లు తగ్గాయేమో, లోపల గాలి పట్టేసిందేమో, థర్మోస్టాట్ మూసుకుపోయిందేమో చూడాలి.

థర్మోస్టాట్ గురించి ఒక మాట చెప్పి తీరాలి. ఎండలెక్కువ, మనకది అక్కర్లేదని పీకేయడం మన వైపు మామూలైపోయింది. అది తప్పు. అది లేకపోతే ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. అసలు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. అది పనిచేస్తోందో లేదో వంటింట్లోనే తేలుతుంది. గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. చాలా వాటి మీద 82 అనో 88 అనో అంకె ఉంటుంది. దాదాపు ఆ వేడి దగ్గర నోరు తెరవాలి.

ఇక మా కారు. మేస్త్రి ఇంజన్‌ని బాగా కాగనిచ్చి, బానెట్ ఎత్తి, యాక్సిలరేటర్ తీగని చేత్తో లాగుతూ "కింది హోస్ చూడు" అన్నాడు. రేడియేటర్ అడుగు నుంచి పంపు వైపు పోయే లావుపాటి రబ్బరు గొట్టం అది. ఇంజన్ మెల్లగా తిరుగుతున్నంతసేపు గుండ్రంగానే ఉంది. రేస్ చేయగానే రెండు పక్కలా లోపలికి అణిగి, ఖాళీ అయిన పాల ప్యాకెట్‌లా అతుక్కుపోయింది. తీగ వదిలితే మళ్లీ ఉబ్బింది. పంపు బలంగా లాగేసరికి మెత్తబడ్డ రబ్బరు మూసుకుపోతోంది. అందుకే ఊళ్లో బాగుండి, హైవే మీద కాగేది. విప్పి చూస్తే, గొట్టం అణగకుండా లోపల ఉండాల్సిన స్ప్రింగు తుప్పుపట్టి ముక్కలైపోయి ఉంది.

తుప్పు ఎందుకు పట్టింది? మేము ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోశాం. కొత్త రేడియేటర్ వేసిన రోజు కూడా అవే నీళ్లు. కనిగిరి, పొదిలి వైపు ఉండేవాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు, నీళ్లు కాచే గిన్నెకు తెల్లగా పట్టే పొర రోజూ చూస్తూనే ఉంటారు. అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పడుతుంది. రేడియేటర్ నీళ్లలో కలిపే కూలెంట్‌ని చాలామంది చల్లదనం కోసమే అనుకుంటారు. తుప్పు పట్టనివ్వకపోవడం దాని పెద్ద పని. డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయండి, కంపెనీ చెప్పిన గడువుకు మార్చండి.

హోస్ మార్చి, థర్మోస్టాట్ తిరిగి పెట్టాక, మేస్త్రి ఇంకొకటి చూశాడు. పదేపదే కాగితే ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంగి, దాని కింద బిగువుగా ఉండే గ్యాస్కెట్ పొర పోవచ్చు. చల్లటి ఇంజన్‌కి రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో ఆగకుండా బుడగలు రావడం, ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారడం, పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి వస్తూనే ఉండడం దాని గుర్తులు. మాకు అంత దాకా రాలేదు.

దారిలో ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, అద్దాలు దించండి. ఎండలో హీటరేమిటి అనిపిస్తుంది కానీ, అది ఇంజన్ వేడిని కొంత బయటికి లాగుతుంది. అయినా ముల్లు దిగకపోతే పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. అది ప్రెషర్ కుక్కర్ మూత లాంటిది. చాలా కార్లకు దాని మీద 0.9 అని ఉంటుంది, అంటే బయటి గాలి కన్నా 0.9 బార్ ఎక్కువ ఒత్తిడి. ఆ ఒత్తిడిలో నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పారంటే ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. అరగంటకు పైనే ఆగండి. పై హోస్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాక, మందపాటి గుడ్డ వేసి, మూత కొద్దికొద్దిగా తిప్పండి. ఉలవపాడులో నేను చేసినట్టు కాగిన ఇంజన్‌లో చన్నీళ్లు గుమ్మరించకండి, హెడ్ పగలొచ్చు. మేస్త్రి దగ్గరికి వెళ్లినప్పుడు, ముల్లు ఎక్కడ, ఎంత వేగంలో, ఎంతసేపటికి ఎక్కిందో ముందే చెప్పండి.

నమస్కారం.