తిట్టు ఎవరికి తగిలింది?

అందరికీ నమస్కారం.

సినిమాల్లో బూతుల మాటెత్తితే చాలు, ఉండొచ్చా ఉండకూడదా అని వాదన మొదలవుతుంది. నేను మాత్రం ఆ మాట ఎవరి నోట వచ్చింది, ఎవరికి తగిలింది అని చూస్తాను.

2010లో వచ్చిన ‘ది కింగ్స్ స్పీచ్’లో ఒక సీన్ ఉంది. బ్రిటన్‌కి కాబోయే రాజు ఆరో జార్జికి నత్తి. స్పీచ్ థెరపిస్ట్ లయొనెల్ లోగ్ ఆయన్ని కావాలని రెచ్చగొడతాడు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయే ఆ మనిషి నోట బూతులు మాత్రం తడబాటు లేకుండా గడగడా వచ్చేస్తాయి. అవి ఎవరినీ గాయపరచవు. ఏళ్లుగా గొంతులో అడ్డుపడ్డదేదో కదిలినట్టుంటుంది, అంతే.

నిజ జీవితంలోనూ ఇలాంటివి జరుగుతాయి. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లలో కొందరు సొంత పిల్లల పేర్లు పలకలేకపోయినా తిట్టు మాత్రం స్పష్టంగా అనేస్తారు. ఆలోచించి పేర్చుకునే మాట వేరు, లోపలినుంచి తన్నుకొచ్చే మాట వేరు. ఇంగ్లండ్‌లోని కీల్ యూనివర్సిటీ పరిశోధకులు కొందరి చేత మంచులాంటి నీళ్లలో చెయ్యి పెట్టించారు. మామూలు మాట అంటున్నప్పటికంటే తిట్టుకుంటున్నప్పుడు వాళ్లు ఎక్కువసేపు ఓర్చుకోగలిగారని 2009లో ప్రకటించారు.

మరి ఆ సీన్ వల్ల సినిమాకేమైంది? బ్రిటన్‌లో మొదట 15 ఏళ్లు నిండినవాళ్లకే అన్నారు. అప్పీలు చేశాక 12ఏ ఇచ్చారు, అంటే పన్నెండేళ్లలోపు పిల్లలు కూడా పెద్దవాళ్లతో కలిసి చూడొచ్చు. అమెరికాలో ఆర్ రేటింగే, అంటే పదిహేడేళ్లలోపు వాళ్లు పెద్దవాళ్లు తోడుంటేనే చూడాలి. 2011లో కొన్ని మాటలు మ్యూట్ చేశాకే, అంతకంటే సడలింపున్న పీజీ-13 వచ్చింది. అక్కడ ‘ఎఫ్’తో మొదలయ్యే ఆ ఘాటైన ఇంగ్లీషు బూతు ఒక్కసారికి మించితే మామూలుగా ఆర్ రేటింగే ఇస్తారు. ఎందుకన్నాడన్నది వదిలేసి ఎన్నిసార్లన్నాడో లెక్కపెడితే ఎలాగండీ?

ఇక విజిల్స్ కోసం రాసే తిట్లున్నాయి. నా బాధంతా వాటితోనే. గొడవ ఇద్దరు మగాళ్లది, తిట్టు వాళ్ల అమ్మకో అక్కకో, పుట్టుకకో. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆ సీన్‌లోనే లేని మనిషి దెబ్బ తింటుంది. దానిమీద బీప్ వేస్తే ఆ మాట పోతుందా? పెదాలు చూసి పిల్లలు కూడా పూరించుకుంటారు.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక షార్ట్ ఫిల్మ్‌కి డైలాగులు రాస్తూ, ఆస్తి కోసం కొట్టుకునే అన్నదమ్ముల చేత అమ్మ మీద తిట్లు తిట్టించాను. రిహార్సల్లో నాలుగోసారి ఆ సీన్ చేస్తుంటే, అమ్మ వేషం వేస్తున్నావిడ పక్కనుంచి అడిగారు: “వీళ్లిద్దరికీ అమ్మని నేనే కదండీ. ఇద్దరూ నన్నే అంటున్నారేంటి?”

నాకు నోట మాట రాలేదు. డైలాగు అలాగే ఉంచి, ఆవిణ్ణి ఆ సీన్‌లోకి తెచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టాం. తమ్ముడి వేషం వేసిన కుర్రాడు తిట్టబోతూ ఆవిడ వైపు చూశాడు. మాట సగంలోనే ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే అతను ఆపేశాడు. షూటింగ్‌లో ఆ సగం మాటనే ఉంచాం.