పదహారు మెట్లు

శ్రోతలందరికీ నమస్కారం.

మా అమ్మాయి కాపురం మారిషస్‌లో. ఈ మధ్య నెల రోజులు అక్కడ ఉండి కడపకు తిరిగి వచ్చాను. ఆ దీవి సముద్రపు అందం గురించి ఎవరైనా చెబుతారు. నేను మెట్ల గురించి చెబుతాను. 16 మెట్లు.

రాజధాని పోర్ట్ లూయీ రేవు పక్కన ఆప్రవాసీ ఘాట్ ఉంది, వలస కూలీలు ఓడ దిగిన చోటు. బానిసలకు విముక్తి వచ్చిన రోజుల్లో చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1834 నుంచి 1920 దాకా, ఒప్పందం మీద, ఎక్కువగా మన దేశం నుంచే దాదాపు 5 లక్షల మందిని తెచ్చారు. కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఉగాది నేటికీ అక్కడ ప్రభుత్వ సెలవు.

పడవ దిగినవాళ్లు ఎక్కినవే ఆ 16 మెట్లు. నల్లరాయి. చూడగానే మన కడప బండ అనుకున్నాను. వంగి చేత్తో తడిమితే మన బండ నునుపు లేదు, అరచేతికి గరుకుగా తగిలింది. లావా గడ్డకట్టిన రాయి అది. మన మేడమెట్లు కూడా ఇంతకంటే ఎక్కువే ఉంటాయి. వారాల తరబడి ఓడలో ఊగి వచ్చిన మనిషికి ఆ 16 మెట్లెక్కడం ఎంత కష్టమైందో! పైన పేరు రాసుకుని ఒక నంబరు ఇచ్చేవారు. ఆపైన తోటలో పని.

నా పక్కనే ఒక పెద్దావిడ చెప్పులు విప్పి, మొదటి మెట్టు తాకి, చేతిని కళ్లకద్దుకున్నారు. నేనూ చెప్పులు విప్పాను.

మర్నాడు మోకా ఊళ్లో యురేకా అనే పాత బంగళా చూశాం. 1830ల నాటిది. 109 తలుపులు, చుట్టూ వరండా, లోపల చల్లటి గాలి. ఇల్లు బాగుంది, కాదనను. అయినా ఏ తలుపు దగ్గర నిలబడినా ఆ మెట్లే గుర్తొచ్చాయి. అందుకే చెబుతున్నాను, మీరు వెళితే ముందు మెట్లు చూడండి, తర్వాతే బంగళాలు.

ఇంకొక్క మాట. మీ వంశంలో ఎవరైనా ఆ దీవికి వెళ్లారని ఇంట్లో చెప్పుకుంటూ ఉంటే, బయలుదేరే ముందే పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసుకోండి: వెళ్లిన మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, సుమారుగా ఏ ఏడు. ఆనాటి వలస పుస్తకాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటిలో మనిషి పేరుతో పాటు తండ్రి పేరు, ఊరు, వయసు, ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా రాశారు. ఊరి పేరు మాత్రం తెలుగులో ఎలా పలుకుతారో అలాగే రాసుకోండి. దొరల గుమాస్తాలు చెవికి వినబడినట్టు రాసుకున్న పేర్లవి. నోటితో పైకి చదివితేనే అది ఏ ఊరో తెలుస్తుంది.