ఆడదైన మగ చేప

శ్రోతలకు నమస్కారం. పెన్నాలో దొరికే బొచ్చె, రోహు చేపల్లో మగది చచ్చేదాకా మగదే, ఆడది ఆడదే. సముద్రంలో పగడపు దిబ్బల మీద బతికే క్లౌన్ ఫిష్ సంగతి వేరు. నారింజ రంగు ఒంటి మీద తెల్లటి పట్టీలుండే ఈ చేప అండమాన్, లక్షద్వీప్‌లలో ఉంటుంది. అది ఆడో మగో పుట్టుకతో తేలదు, గుంపులో దాని స్థానాన్ని బట్టి తేలుతుంది.

దీని ఇల్లు సీ అనిమోన్. పువ్వులా కనిపించినా అది జంతువే, తాకిన చిన్న చేపల్ని కుట్టి తినేస్తుంది. క్లౌన్ ఫిష్‌ను ఒంటి మీది జిగురు పొర కాపాడుతుంది. ఒక్కో అనిమోన్‌లో అన్నిటికన్నా పెద్దది ఆడది, దాని తర్వాతది మగది. మిగతా చిన్నవి జత కట్టవు, తమ వంతు కోసం కాచుకుంటాయి. నాకు ఎంతో ఆశ్చర్యం కలిగించేది ఇదీ: కింది చేప తన పైదాన్ని మించిపోకుండా ఎదుగుదలనే అదుపులో పెట్టుకుంటుంది. మించితే పైవి గెంటేస్తాయి, బయట పెద్ద చేపలకు ఆహారమైపోతుంది.

ఆడది చనిపోయిందనుకోండి. మగది జోడు కోసం ఎక్కడికీ పోదు, తనే ఆడదవుతుంది. దాని బీజగ్రంథిలో పనిచేసే వృషణ భాగంతో పాటు ఎదగని అండాశయ భాగం కూడా ముందునుంచీ ఉంటుంది. మొదట ప్రవర్తన మారుతుంది, పెత్తనం మొదలవుతుంది. తర్వాత ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ పెరిగి, వృషణ భాగం కరిగిపోయి, అండాశయం ఎదుగుతుంది. ఇక మళ్లీ మగది కాలేదు. వరసలో తర్వాతున్న చిన్నది మగదవుతుంది.

పెద్ద ఒళ్లుంటే ఎక్కువ గుడ్లు పెట్టొచ్చు, అందుకే పెద్దది ఆడది. అనిమోన్ పక్కన రాతి మీద పెట్టిన గుడ్లకు వారం రోజుల పాటు రెక్కలతో నీళ్లు విసురుతూ, పాడైనవాటిని నోటితో ఏరేస్తూ కాపలా కాసేది ఎక్కువగా మగదే. క్లీనర్ రాస్ అనే చేపలో ఈ ఆడామగా వరస తలకిందులు. అక్కడ ఒక మగది చాలా ఆడవాటిని ఏలుతుంది, అది పోతే పెద్ద ఆడది మగదవుతుంది.

పెద్దగా, అందంగా ఉందని దిబ్బ మీది ఆడదాన్ని పట్టుకుపోతే నాకు బాధేస్తుంది. వెనకున్నది ఆడదయ్యేదాకా ఆ ఇంట్లో ఒక్క గుడ్డూ పడదు. నిజానికి దీన్ని తొట్టెల్లోనే పెంచొచ్చు, మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఆ పని చేసి చూపించింది. ఆడా మగా వెతికే పనే లేదు. ఈడుకు రాని రెండు పిల్లల్ని ఒకే తొట్టెలో వదిలితే, పైచేయి సాధించింది ఆడదవుతుంది, రెండోది మగదవుతుంది. కడపలోనో అనంతపురంలోనో అక్వేరియానికి ఈ చేపను కొనాలనుకుంటే, హ్యాచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించి పెంచే చోట, పుట్టిందేనా అని షాపతన్ని ముందే అడగండి.