కంచె వేసి పోగొట్టుకున్న సీతాకోకచిలుక

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన 15 నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోకండి. ‘అరుదైన కీటకాలు, వాటి ఆవాసాలు’ అని టాపిక్ ఇచ్చారు. పెద్ద లిస్టే రాసుకొచ్చాను గానీ, ఒక్కదాని గురించే చెబుతాను.

బ్రిటన్‌లో లార్జ్ బ్లూ అని ఒక నీలం సీతాకోకచిలుక ఉండేది. దాన్ని పట్టి, సూదులు గుచ్చి దాచుకునేవాళ్ళు ఎక్కువయ్యారని అది ఉండే ఒక చోట చుట్టూ కంచె వేశారు. మనుషులు రాలేదు, నిజమే. పశువులూ రాలేదు. గడ్డి ఏపుగా పెరిగింది, సీతాకోకచిలుక మాయమైంది! గడ్డికీ దానికీ ఏమిటి సంబంధం అంటారా? దాని గొంగళిపురుగు మొదటి రెండు మూడు వారాలే థైమ్ అనే చిన్న మొక్క పూలు తింటుంది. ఆ తర్వాత నేల మీదికి రాలి కూర్చుంటుంది, ఒక జాతి ఎర్రచీమ వచ్చి తన పిల్లే అనుకుని గూట్లోకి మోసుకెళ్ళేదాకా. లోపల ఆ చీమల పిల్లల్నే తింటూ దాదాపు 10 నెలలు గడిపేస్తుంది, ఇల్లరికపు అల్లుడిలాగా. ఆ చీమకేమో నేల వెచ్చగా ఉండాలి, గడ్డి 3 సెంటీమీటర్లు దాటితే ఎండ నేలకు తగలదు. 1950లలో రోగమొచ్చి కుందేళ్ళు కూడా పోయాయి, ఇక మేసేదెవరు? జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త ఈ చిక్కు విప్పేసరికే ఆలస్యమైంది, 1979లో బ్రిటన్ మొత్తంలో ఆ సీతాకోకచిలుక అంతరించిపోయింది. 1983లో స్వీడన్ నుంచి తెచ్చి, ఈసారి పశువుల్ని మేపుతూ, మళ్ళీ నిలబెట్టారు.

అలాగని రేపటినుంచి అన్నిచోట్లా గడ్డి కోసెయ్యకండి బాబూ! పొడుగు గడ్డే కావలసిన పురుగులూ ఉన్నాయి. స్టాగ్ బీటిల్ అనే పెంకుపురుగు ఉంది, దాని పిల్లపురుగుకైతే పుచ్చిన చెక్కే కావాలి, అందులోనే ఏళ్ళకేళ్ళు ఉంటుంది. మనకేమో పుచ్చిన చెక్క కనబడితే చెత్త.

ఈ మాట అనే హక్కు నాకు లేదు లెండి. ఒకప్పుడు నేను రోజూ నడిచే దారి పక్కన పాత మాను ఒకటి పడి ఉండేది. తీసెయ్యమని అర్జీ పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎత్తేటప్పుడు అది విరిగింది, లోపల్నుంచి తెల్లటి లావుపాటి పురుగులు గుప్పెళ్ళకొద్దీ రాలాయి. అవి ఏ జాతివో కూడా నాకప్పుడు తెలియదు, బండివాడు చీపురుతో ఊడ్చేశాడు, నేను చూస్తూ నిలబడ్డాను.

చీటీ వచ్చింది, ముగించమని. ముగిస్తాను. ఈ హాలు వెనక ఒక ఎండుమాను పడి ఉంది, వస్తూ చూశాను. రేపు దానికి బండి మాట్లాడారట. మాట్లాడినవారు ఎవరైనా సరే, సభ అయ్యాక నన్ను ఒక్కసారి కలవండి.