హాస్టల్ మెస్ తింటూ కండ పెంచడం ఎలా?

[స్క్రీన్ మీద: మెస్ కంచం. గుట్టగా అన్నం, పలచటి పప్పు, చిన్న కప్పులో పెరుగు]

అమీర్‌పేటలో అయినా, విజయవాడలో అయినా హాస్టల్లో ఉన్నవాళ్లందరికీ ఈ కంచం తెలుసు. ఇది తింటూనే చాలామంది జిమ్‌కి వెళ్తారు. మూడు నెలలు చెమటోడుస్తారు. భుజం చుట్టుకొలత మాత్రం మారదు. "నా ఒంటి తత్వమే ఇంత" అనుకుని మానేస్తారు. అలా మానేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే చాలాసార్లు లోపం ఒంట్లో ఉండదు, ఈ కంచంలో ఉంటుంది.

60 కిలోల కుర్రాడి లెక్క చూద్దాం. మామూలుగా ఆరోగ్యంగా ఉండటానికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. అంటే ఇతనికి 50 గ్రాములు. బరువులెత్తి కండ పెంచాలంటే కిలోకి 1.6 గ్రాముల దాకా తీసుకోవడం మంచిది. అంటే 96 గ్రాములు.

[స్క్రీన్ మీద: ఒక్కో పూట తిండి పక్కన ఒక్కో అంకె పడుతుంది]

మరి మెస్‌లో ఎంత దొరుకుతోంది? పొద్దున నాలుగు ఇడ్లీలు, సాంబారు కలిపి సుమారు 10. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు అన్నీ కలిపి 17. రాత్రికి ఇంకో 13. మొత్తం 40. ఇంకా 56 గ్రాములు కావాలి.

ఇక్కడే అందరి చూపూ పౌడర్ డబ్బా మీదకు వెళ్తుంది. నన్నడిగితే ముందు కిరాణా కొట్టుకి వెళ్లండి. మూడు ఉడికించిన గుడ్లతో 18 గ్రాములు వస్తాయి. అర లీటరు పాలతో 16. గుప్పెడు పల్లీలు, అంటే 40 గ్రాములు తింటే 10. పొడి మీల్‌మేకర్ 25 గ్రాములు తీసుకుని, వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి, మెస్ కూరలో కలుపుకుంటే 13. కలిపి చూడండి, 57! గుడ్డులో పచ్చసొన పారేయకండి. అందులోని ప్రొటీన్‌లో ఐదింట రెండు వంతులు సొనలోనే ఉంటుంది. గుడ్డు తినని వాళ్లు 100 గ్రాముల పనీర్ తినండి, అదే 18 వస్తుంది. మాంసం తినకపోతే కండ రాదని ఎవరైనా అంటే, వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు శాకాహారి అని చెప్పండి.

అన్నం మాత్రం మానేయొద్దు. కొత్త కండ కట్టాలంటే ఒంటికి ఖర్చయ్యే దానికన్నా కాస్త ఎక్కువ శక్తి అందాలి.

వే ప్రొటీన్ పౌడర్ అంటే పాల నుంచి తీసిన ప్రొటీనే. తిండితో లెక్క సరిపోయిందంటే దాని అవసరం లేదు. జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్ల గురించి చెబితే దయచేసి వద్దనండి. స్టెరాయిడ్లు గుండెను దెబ్బతీస్తాయి, ఒంట్లో సహజంగా తయారయ్యే మగ హార్మోన్‌ను ఆపేస్తాయి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు డాక్టర్‌ని అడగాలి.

[స్క్రీన్ మీద: ఒక నోటుబుక్, అందులో తేదీ, దండీలు 8, 8, 7]

ఇక వ్యాయామం. కండరం మీద భారం పడితేనే "ఇంకా బలం కావాలి" అన్న సంకేతం లోపలికి వెళ్తుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు కండరం కొత్త ప్రొటీన్‌ను ఎక్కువగా కట్టుకుంటుంది. అందుకే ఒక్కో కండరానికి వారానికి రెండుసార్లు పని చెప్పండి. కానీ ఆరు నెలలూ అదే డంబెల్, అవే పదిసార్లు ఎత్తితే ఆ సంకేతం ఆగిపోతుంది. భారం మెల్లగా పెరుగుతూ ఉండాలి.

జిమ్ ఫీజు కట్టలేకపోతే గదిలోనే మొదలుపెట్టండి. దండీలు మూడు సెట్లు (ఆగకుండా వరసగా చేసేది ఒక సెట్). మూడింటిలోనూ 12 చేయగలిగిన రోజు నుంచి కాళ్లు కుర్చీ మీద పెట్టి చేయండి. బస్కీలకి బ్యాగ్‌లో పుస్తకాలు నింపి తగిలించుకోండి. అదే బ్యాగ్‌ను నడుము వంచి, వీపు గూనిలా వంగకుండా తిన్నగా ఉంచి, పొట్ట దగ్గరికి లాగితే వీపుకి పని. సెట్‌లో చివరి రెండూ కష్టంగా ఉండాలి. సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు నిమిషాలు ఆగండి. ఎన్ని చేశారో ఆ రోజే రాసుకోండి, వచ్చే వారం ఒకటైనా ఎక్కువ చేయాలి కదా.

మొదటి నెలలో బలం పెరుగుతుంది, అద్దంలో మాత్రం ఏమీ కనిపించదు. అప్పుడు పెరిగేది ఎక్కువగా నరాల పనితనం. కంగారుపడి ఆపేయకండి. రాత్రి ఫోన్ పక్కన పెట్టి ఏడెనిమిది గంటలు నిద్రపోండి.

[స్క్రీన్ మీద: బరువు చూసుకునే మిషన్]

ప్రతి ఆదివారం పొద్దున్నే పరగడుపున బరువు చూసుకోండి. రెండు వారాలు ముల్లు కదలకపోతే రోజూ రెండు అరటిపండ్లు, ఇంకో గుప్పెడు పల్లీలు కలపండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి నెలకి కిలో దాకా పెరిగితే చాలు. అంతకన్నా చాలా వేగంగా పెరుగుతుంటే అందులో ఎక్కువ భాగం కొవ్వే, అప్పుడు ఒక అరటిపండు తగ్గించండి.